మేనత్త వేసిన వక్క

మా మేనత్త పోయింది. పోయిన నెల ఒక సోమవారం పొద్దున మారతహళ్ళిలో ఆఫీసు క్యాబ్ కోసం నిలబడి ఉంటే తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అత్త లేదు" అన్నాడు. రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదట. క్యాబ్ వచ్చింది, నా కోసం హారన్ కొట్టింది, విసుగొచ్చి వెళ్ళిపోయింది. నేను ఆటో మాట్లాడుకుని బెంగళూరు పాత పేటలో మా సందుకు చేరేసరికి ఆమె ఇంటి ముందు చెప్పులు గుట్టపడి ఉన్నాయి.

చావింట్లో అందరూ అనే మాటే అక్కడా అన్నారు. "పాపం, ఎవురి జోలికీ పోయే మనిషి కాదు" అని ఒక పెద్దాయన తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. నాకు ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది. ఎవరి జోలికీ పోనిదెవరు? మా మేనత్త అందరి జోలికీ పోయింది. ఆ మాట అన్న పెద్దాయన జోలికైతే పదేళ్ళు పోయింది. మనిషి పోగానే ఉప్పూ కారమూ తీసేసి పథ్యం కూడు లాగా మాట్లాడడం మనవాళ్ళకు అలవాటు. మా అత్తను అలా చప్పగా సాగనంపడం నాకు ఇష్టం లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు మాత్రం రాయను. మా అవ్వ, అంటే మేనత్త తల్లి, స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొదటి ఎన్నికల్లో ఓటు వేయలేకపోయింది. ఓటర్ల పేర్లు రాసుకోవడానికి వచ్చిన గుమాస్తా పేరడిగితే, పరాయి మగవాడికి పేరు చెప్పడమేమిటని సిగ్గుపడి, తలుపు చాటు నుంచి "ఈ ఇంటి ఆయప్ప పెండ్లామని రాసుకో" అందట. ఆయన అలాగే రాసుకుపోయాడు. సొంత పేరు చెప్పని ఆడవాళ్ళను తీసేయమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. దేశంలో ఎంతోమంది ఆడవాళ్ళతో పాటు మా అవ్వ కూడా జాబితాలోంచి ఎగిరిపోయింది. తాత ఒక్కడే వెళ్ళి ఓటేసి వచ్చాడు. ఆయన వేలి మీది సిరా చుక్కను అవ్వ పట్టుకుని తిప్పి తిప్పి చూసిందని, అప్పటికి చిన్నపిల్లయిన మేనత్త చూసింది.

"మాయమ్మ ఆ పొద్దు అన్నం తిన్లేదు పాపా. పేరు చెప్పింటే నోరు కాలిపోతా ఉండెనా అని తన్ను తానే తిట్టుకొనె" అని నాకు చెప్పేది. అందుకే తన పేరు తన నోటి నుంచే రావాలని ఆమె పట్టు. పోలింగు రోజు బడి దగ్గర కూర్చున్న ఏజెంట్లు తెలిసిన ముఖం కదా అని పేరు చదివేయబోతే చెయ్యి అడ్డం పెట్టేది. "నేను చెప్తా. నువ్వు ఎతుక్కో." అలాంటి మనిషి పేరు, ఆమె లేదు కదా అని నేను చెప్పేస్తే బాగుండదు.

ఆమె మా నాయనకు అక్క. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. మామయ్య పవర్‌లూమ్ పని అని సూరత్ వెళ్ళాడు. మొదట్లో ఉత్తరాలు వచ్చాయి, తర్వాత రాలేదు. బతికి ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. పిల్లలు లేరు. పుట్టింటికి రమ్మని మా నాయన పిలిస్తే, "ఈడ మగ్గముండాది, ఆడ ఏముండాది?" అని కదల్లేదు. మామయ్య వదిలిపోయిన మగ్గం మీద తనే కూర్చుని చీరలు నేసింది. నేస్తూ రేడియోలో కన్నడ వార్తలు వినేది, ఊరికే వినడం కాదు, జవాబులు చెప్పేది. మంత్రి ఏదైనా హామీ ఇచ్చాడని చదివితే "ఆయ్తప్పా, సరేలే, పోయిన తూరి ఇదే చెప్తివి" అనేది. ఎలక్షన్ రోజు పొద్దున్నే తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని నడిచి వెళ్ళేది. పార్టీవాళ్ళ ఆటో ఇంటి ముందు ఆగితే ఎక్కేది కాదు. "ఆటో ఎక్కితే ఆటోవానికి ఎయ్యల్ల. నడిచిపోతే మన ఇష్టం."

దేశం ఇచ్చిన ఓటు అలా దర్జాగా వేసిన మనిషికి మా వీధిలో ఓటు లేదు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

మా నేతగాళ్ళ సంఘానికి పేటలో ఒక పాత హాలుంది. సంఘం పెద్దను యజమాని అంటారు. కొన్నేళ్ళకోసారి యజమానిని ఎన్నుకునే పద్ధతి మా తాతల నాటిది. ఉన్న యజమాని వేదిక మీద వెండి పళ్ళెం పట్టుకుని ఒక్కో ఇంటిపేరు పిలుస్తాడు. ఆ ఇంటి మగవాడు లేచి వెళ్ళి తాంబూలం తీసుకుంటాడు. అందులో తమలపాకులు, రెండు వక్కలు. ఒకటి ఓటుకు, ఒకటి నోటికి అనేవాళ్ళు పెద్దలు. తెర వెనక రెండు ఇత్తడి బిందెలుంటాయి, పోటీ చేసే ఇద్దరికీ చెరొకటి, ఒకదానికి పసుపు, ఒకదానికి కుంకుమ. ఏ బిందెలో పడిందో చప్పుడుతో తెలిసిపోకుండా అడుగున దూది పరుస్తారు. ఒక వక్క బిందెలో వేసి, రెండోది నములుతూ బయటికి రావడమే. చివర్లో వక్కలు లెక్కపెడతారు. ఇంతసేపూ ఆడవాళ్ళు వంటింట్లో భోజనాలు వండుతూ ఉంటారు. దూది పరిచేది వాళ్ళే, తమలపాకులు తుడిచి పేర్చేదీ వాళ్ళే.

మేనత్త ఇంటిపేరు వచ్చినప్పుడల్లా యజమాని "మగదిక్కు లేదు" అని తర్వాతి ఇంటికి పోయేవాడు. తొంభైల మొదట్లో, నేను హైస్కూల్లో ఉండగా, ఒకసారి ఆయన ఆ మాట అనేలోపే వంటింటి గుమ్మంలోంచి "ఉండాను" అని వినిపించింది. చేతులకు శనగపిండితో మా అత్త.

"ఏమక్కా, బజ్జీలు అయినాయా?" అన్నాడు యజమాని.

"కాలతా ఉండాయి. నువ్వు పిలిస్తివి, వస్తిని."

"నేను ఇంటిని పిలిస్తినక్కా."

"ఇంట్లో ఉండేది నేనే కదప్పా. గోడలు నడిచొస్తాయా?"

మగవాళ్ళు నవ్వారు. యజమాని కూడా నవ్వి, తర్వాతి ఇంటిపేరు పిలిచాడు. ఆమె వెనక్కి పోలేదు. అన్ని ఇళ్ళూ అయ్యేదాకా అక్కడే, గోడకు ఆనుకోకుండా నిలబడింది. మా అమ్మ కొంగు పట్టుకుని లాగుతూ "రా వదినా, బాగుండదు" అంటే, "నిలబడేకి ఓటు అక్కర్లేదు కదా" అంది. ఆ రోజు బజ్జీలు మాడిపోయాయి, మాడినవే అందరూ తిన్నారు. అప్పటి నుంచి సంఘం ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఆమె ఆ గుమ్మంలో నిలబడేది. ఆ దశాబ్దంలో పార్లమెంటు ఎన్నికలు కూడా వెంట వెంటనే వచ్చాయి. "ఢిల్లీవాళ్ళు సూడు, మాటిమాటికీ పిలుస్తా ఉండారు. ఈ వీధోళ్ళకు ఒక్క తూరి కూడా నోరు రాదు" అని సిరా వేలు యజమానికి కనబడేలా కొంగు సర్దుకునేది. ప్రధానమంత్రిని ఎంచే వేలు యజమానిని ఎంచడానికి పనికిరాదా అని ఆయన్నే అడిగింది కూడా. ఆయన పళ్ళెం పట్టుకుని తర్వాతి ఇంటిపేరు పిలిచాడు.

పదో తరగతి పరీక్షలకు నేను ఆమె ఇంట్లో చదువుకునేదాన్ని. ఆమె రాట్నం మీద నూలు చుడుతుంటే నేను గట్టిగా చదివేదాన్ని. ఇంగ్లండులో ఆడవాళ్ళు ఓటు కోసం జైళ్ళకు వెళ్ళారని, లోపల అన్నం ముట్టకుండా పట్టుబట్టారని, జైలువాళ్ళు ముక్కులో గొట్టాలు పెట్టి పాలూ గుడ్లూ పోశారని చదివాను. రాట్నం ఆగిపోయింది. ముక్కులోనా అని మళ్ళీ అడిగింది. అవునన్నాను.

"దొరల ఆడోళ్ళకే అంత చేసినారా" అంది. మళ్ళీ తిప్పడం మొదలుపెట్టి, "అయినా వాళ్ళు ఏంటికి పస్తుండిరి పాపా? వండేది మానింటే పోతా ఉండె. మగోళ్ళే పస్తుందురు కదా" అంది. నేను నవ్వాను. పరీక్షలో రాయడానికి పనికిరాని జవాబు కదా.

తొంభైల చివర్లో బెంగళూరులో జానెడు నేలకు కూడా బంగారం ధర వచ్చింది. సంఘం హాలు వెనక పడుగులు సాగదీసే బయలు ఒకటి ఉండేది. పొద్దున్నే ఆడవాళ్ళు అక్కడ రాతి కూసాల మధ్య దారాలు పరిచి, గంజి పెట్టి, సరిచేసేవాళ్ళు. దాన్ని అమ్మి కాంప్లెక్స్ కట్టిద్దామని యజమాని అన్నాడు. అమ్మకూడదని ఇంకో వర్గం ఎన్నికలో ఆయనకు ఎదురు నిలబడింది. ఎటు చూసినా బలం సమానం. అప్పుడు యజమానికి ఒక ఆలోచన తట్టింది. తన వర్గంలో సంసారులు ఎక్కువ. ఎదుటి వర్గంలో పెళ్ళికాని కుర్రాళ్ళూ, భార్య పోయిన ముసలివాళ్ళూ ఎక్కువ. ఇంటావిడలకు కూడా తలా ఒక తాంబూలం ఇస్తే మొగుడు వేసిన బిందెలోనే పెళ్ళామూ వేస్తుంది కదా అని లెక్క. "కాలం మారతా ఉండాది, మన ఆడోళ్ళకూ ఓటియ్యల్ల" అని సభలో గంభీరంగా చెప్పాడు. చప్పట్లు కొట్టారు.

మా నాయన యజమాని మనిషి. ఇంటికొచ్చి ఈ ఔదార్యం గురించి చెబుతుంటే మేనత్త పడీపడీ నవ్వింది. "ఏ బుద్ధితో ఇస్తే మనకేమి? వక్క చేతికొచ్చినాక అది మనది" అంది. ఆ నెలంతా బయలులో పడుగు సరిచేస్తూ ఆడవాళ్ళ చేత పేర్లు చెప్పించింది. ఇంటాయన పేరు కాదు, ఎవరి పేరు వాళ్ళది, గట్టిగా, దారానికి ఆ చివర ఉన్న మనిషికి వినబడేలా. మా అమ్మ అంట్లు తోముతూ తన పేరు తనే గొణుక్కోవడం నేను విన్నాను. పెళ్ళయినప్పటి నుంచీ ఆమెను ఎవరూ ఆ పేరుతో పిలిచింది లేదు.

ఎన్నికల రోజు ఆడవాళ్ళు చీరలు మార్చుకుని వచ్చారు. యజమాని మైకు పట్టుకుని, తాంబూలాలు ధర్మపత్నులకు మాత్రమే అని చెప్పాడు. మొగుడు పోయినవాళ్ళకు తాంబూలం ఇవ్వడం మన ఆచారం కాదు కదా, అమ్మలు నొచ్చుకోకూడదు అన్నాడు. అందరూ మేనత్త వైపు చూశారు. ఆమె నుదుట బొట్టుంది, చేతులకు గాజులున్నాయి.

"నీ విషయం కష్టంగా ఉండాదక్కా" అన్నాడు. "బావ ఉండాడో లేడో తెలిస్తే ఏదో ఒకటి చెప్పొచ్చు."

"ఆయన బతికుంటే నాకు ఓటుండాది, సచ్చుంటే లేదు. అంతే కదా?"

"అట్లనే అనుకో."

"అట్లయితే అది నా ఓటు యాడైతాదప్పా? ఆయన ఊపిరికి ఇస్తా ఉండావు."

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆ వీధిలో ఇన్నేళ్ళూ ఓటు అడిగిన మనిషి ఆమె ఒక్కతే. అడగనివాళ్ళందరికీ వచ్చి ఆమెకు రాకుండా పోయింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూసింది ఆ ఒక్కసారే. యజమాని పళ్ళెం ఎత్తుకుని మా ఇంటిపేరు పిలిచాడు. ముందు మా నాయన వెళ్ళి వక్క వేసి వచ్చాడు. తర్వాత "వారి ధర్మపత్ని" అని పిలిచారు.

మగవాళ్ళ ముందు మా అమ్మ గొంతు విన్నవాళ్ళు ఆ హాల్లో లేరు. ఆమె వెళ్ళింది. ముందు తన పేరు చెప్పింది. యజమాని పళ్ళెం చాపాడు. మా అమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"మా వదినకు ఇచ్చినాక ఇయ్యండి."

ముందు వరుసలో మా నాయన లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. తర్వాత పిలిచినావిడా అంతే చేసింది, ఆ తర్వాతావిడా. అందరూ అలా చేశారని అబద్ధం చెప్పను. ఇద్దరు ముగ్గురు తీసుకున్నారు, తీసుకుని తలొంచుకుని పోయారు. వాళ్ళ ఇళ్ళల్లో సంగతులు వాళ్ళకు తెలుసు, మేనత్త కూడా వాళ్ళను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి పొయ్యిలు ఆర్పేసి, "పదండే" అంది. పప్పు సగం ఉడికింది, చిత్రాన్నానికి పోపు కూడా పడలేదు. ఆడవాళ్ళు చేతులు కడుక్కుని ఇళ్ళకు పోయారు, ఇళ్ళల్లోనూ పొయ్యి వెలిగించలేదు. ఎన్నిక వాయిదా పడింది. పంచెలు కట్టుకున్న పెద్దమనుషులంతా మూలమీది దర్శిని హోటల్లో నిలబడి ఇడ్లీలు తినడం పేటంతా చూసింది. మా నాయన ఇంటికి వచ్చి అన్నం అడగలేదు. చాలా రోజులు మాట్లాడలేదు కూడా. మా అమ్మ కూడా బతిమాలలేదు.

ఒక సాయంత్రం యజమాని మేనత్త ఇంటికి వచ్చాడు. బయలు కొనేవాళ్ళు తొందరపెడుతున్నారు, ఎన్నిక జరగకపోతే సంతకం పెట్టే అధికారం లేదు. గడప మీద కూర్చుని నీళ్ళు అడిగి తాగాడు.

"ఏంటికక్కా ఇంత గలాటా? నీకొక్కదానికి ఇస్తాము. సుమ్మనే వచ్చి వేసిపో."

"నాకొక్కదానికి వద్దు. మొగుడు పోయినోళ్ళకు, వదిలేసినోళ్ళకు, పెండ్లే వద్దన్నోళ్ళకు, అందరికీ ఇయ్యి. అప్పుడు వస్తా."

"ముండమోసిన వాళ్ళకు తాంబూలమిస్తే జనం ఏమంటారు?"

ఆమె మగ్గం దిగి వచ్చింది. "అప్పా, మీయమ్మ కూడా ముండమోసిందే కదా. నిన్ను యజమానిని చేసేకి ఆమె ఎన్ని గుళ్ళు తిరిగిందో నాకు తెలుసు. ఆమె చేతికి ఒక వక్క పెట్టేకి నీకు ఆచారం అడ్డమా?"

ఆయన లేచి వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల తర్వాత సంఘం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు, వయసొచ్చిన ఆడవాళ్ళందరికీ తాంబూలం అని. నేను కూడా వయసొచ్చినదాన్నే అప్పటికి. చావింట్లో తువ్వాలుతో కళ్ళొత్తుకున్న పెద్దాయన ఆయనే. కొన్నేళ్ళ తర్వాత ఇంకో ఎన్నికలో ఓడిపోయాడు. ఆయన ఓడిపోవడానికి మా సందు ఆడవాళ్ళ వక్కలే కారణమని ఇప్పటికీ అంటాడు. అనుకోనీ.

వాయిదా పడిన ఎన్నిక రెండు వేల సంవత్సరం వచ్చాక జరిగింది. మొట్టమొదట యజమాని తల్లి తీసుకుంది తాంబూలం. ముసలామె మెల్లగా అడుగులు వేస్తుంటే కొడుకే తెర దాకా నడిపించబోయాడు. "నువ్వు ఈడే ఉండు" అని కొడుకును ఆపి ఒక్కతే లోపలికి పోయింది. మా అమ్మ వెళ్ళింది. ఆమె ఏ బిందెలో వేసిందో మా నాయనకు ఇప్పటికీ తెలియదు, నాకూ చెప్పలేదు. నేను వేశాను. మేనత్త ఇంటిపేరు పిలిచారు, మగదిక్కు మాట లేకుండా. ఆమె పేరు చెప్పి, తాంబూలం తీసుకుని, తెర వెనక్కి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. మగవాళ్ళు దగ్గారు. ఎవరో గడియారం చూసుకున్నారు. అన్నేళ్ళు బయట నిలబెట్టిన మనిషిని లోపల కాసేపు ఉండనివ్వడానికి ఏం నొప్పి అని నాకు ఒళ్ళు మండింది.

ఆమె బయటికి వచ్చేసరికి ముందు వరుసలో ఒకాయన తన వంతుకు లేచి వెళ్ళాడు. కుర్చీలు మగవాళ్ళకు, చాపలు ఆడవాళ్ళకు. ఆమె చాపల దాకా రాలేదు, ఖాళీ అయిన కుర్చీలో కూర్చుంది. ఆయన తిరిగొచ్చి నిలబడి, "అక్కా, అది నేను కూర్చున్న కుర్చీ" అన్నాడు.

"ఇప్పుడు నేను కూర్చున్నా" అంది. ఆయన గోడ దగ్గరికి పోయాడు.

వక్కలు లెక్కపెట్టారు. బయలు అమ్మొద్దన్న మేం ఓడిపోయాం, కొద్దిలోనే. యజమానే గెలిచాడు. పడుగుల బయలు అమ్ముడుపోయింది, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ దుకాణాలున్నాయి. ఆ రోజు బయలు పోయిందని తెలియగానే ఆడవాళ్ళలో కొందరు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఇన్నేళ్ళు కొట్లాడి తెచ్చుకున్న ఓటు మొదటిసారే ఓడిపోవడం నాకు అన్యాయంగా అనిపించింది. మేనత్త పక్కన చేరి, ఇంత చేసి ఏం లాభం అత్తా అన్నాను.

"ఇన్నేండ్లు నాకు ఓడిపోయేకి కూడా లేదు కదా పాపా. ఓడిపోయేకైనా ఓటుండల్ల" అంది.

యజమాని మెడలో దండతో, చేతిలో ఖాళీ పళ్ళెంతో మా ముందుకు వచ్చాడు. గెలిచిన మనిషి కదా, గొంతులో దయ పొంగుతోంది. "సూస్తివా అక్కా. అంత గలాటా చేస్తివి, ఏమొచ్చె?"

ఆయన వస్తే హాల్లో ఆడవాళ్ళు లేచి నిలబడడం రివాజు. చాపల మీదివాళ్ళు సగం లేచారు కూడా. మేనత్త లేవలేదు. పొట్టి మనిషి, కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంటే పాదాలు నేలకు అందవు. మగవాళ్ళ ఎదుట ఆడవాళ్ళు ఆకు నమలకూడదు, కొంగున కట్టుకుని ఇంటికి తీసుకుపోవాలి. ఆమె అక్కడే, ఆయన చూస్తుండగా, ఆకుకు సున్నం రాసి, మిగిలిన వక్క పెట్టి మడిచి నోట్లో వేసుకుంది. తొందర లేకుండా నమిలింది. ఆయన జవాబు కోసం పళ్ళెం పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"మళ్ళా ఎలక్షన్ ఎప్పుడప్పా?" అని అడిగింది, ఎర్రబడిన నోటితో, కుర్చీ కింద కాళ్ళు ఊపుకుంటూ.